తాడు మీద ఉన్నవాడు

తాడు తెగకముందే దాని గురించి సణిగినవాడు కంచు బావ ఒక్కడే.

"ఇది నాకన్నా ముసలిది. నన్నేమో ఇంటికి పొమ్మంటారు, దీన్ని మాత్రం పనిలో పెట్టుకుంటారు" అన్నాడు, కప్పీ పక్కన తన చోట్లో నిలబడి అరచేతులకు పొడి ఇసుక రుద్దుకుంటూ.

తాళ్లవాళ్లు నవ్వారు. ఆయన సణగని రోజు ఆ రేవులో పొద్దు పొడవదు. అందుకే ఆయన పేరే సణుగుడు అయిపోయింది. సొంత మరదలు కంచు కూడా పనిలో ఆ పేరుతోనే పిలుస్తుంది. కంచు అన్నది కూడా పేరు కాదు, గొంతు. ఆమె కేక వేస్తే గుట్ట మీది ఆసుపత్రి దాకా వినపడుతుంది. రోగులు పడుకున్నారు, కాస్త మెల్లగా అరవమనండి అని ఒకసారి పెద్ద డాక్టరు కబురు పంపాడు. మెల్లగా అరవడం ఎలాగో ఆయన్నే వచ్చి నేర్పమనండి అని కంచు తిరుగు కబురు పంపింది.

వాళ్ల ఎదురుగా, రేవు నోట్లోనే, అలల గోడకు కూతవేటు దూరంలో తెరచాప ఓడ ఒకటి ఇసుక దిబ్బెక్కి ఒరిగి పడి ఉంది. మూడు కొయ్యలూ ఒక పక్కకు వాలి, దెబ్బ తిన్న గొడ్డు లేవలేక చూస్తున్నట్టుంది. దిబ్బ దగ్గర లోతు లేక లాగుడు పడవ చేరలేదు, కాలువలోనే ఆగి పొగ వదులుతోంది. ఓడ ముక్కు కాలువ వైపు తిరిగితే గాని ఆ పడవ దాన్ని లాగలేదు. ముక్కు తిప్పాల్సింది గోడ మీద మనుషులు. ఓడ నుంచి వచ్చిన మోకు ఇనుప గుంజకు కట్టిన పెద్ద కప్పీలోంచి తిరిగి తాళ్లవాళ్ల చేతుల్లోకి వస్తుంది. కప్పీకి అందరికన్నా దగ్గర్లో సణుగుడు. ఆయన వెనక నత్తి. నత్తి వెనక మిగతావాళ్లు.

తాడు లాగే ముందు కేక వేసే మనిషి తోక నుంచి తల దాకా ఒక్కొక్కళ్లనీ పిలవాలి. పిలిచినవాడు "ఉన్నా" అనాలి. ఒక్కడు పలక్కపోయినా కేక పడదు. ఎవడి చెయ్యి ఎక్కడుందో తెలియకుండా లాగితే చేతులు పోతాయి. ఎన్ని చేతులు పోయాక పుట్టిందో ఆ పద్ధతి, ఎవరూ రాసిపెట్టలేదు. కంచుకి వాళ్ల అమ్మ నేర్పింది, వాళ్ల అమ్మకు ఇంకెవరో.

అందరూ పలికారు. నత్తి కాస్త కష్టపడి పలికాడు. చివరికి కంచు పిలిచింది.

"సణుగుడూ!"

జవాబు లేదు. ఎప్పుడూ ఇంతే. ఆయన పక్కకు ఉమ్మి, లుంగీ బిగించి, సముద్రాన్ని ఒకసారి అనుమానంగా చూసి, అప్పుడు పలుకుతాడు.

"సణుగుడూ! పోటు వెళ్లిపోయాక పలుకుతావా?"

"ఉన్నా. ఎక్కడికి పోతాను? పోదామంటే మీ అక్క చెప్పులు దాచింది."

నవ్వులు ఆగకముందే కంచు గొంతు లేచింది. "హైలెస్సా!" గోడంతా తిరిగి అంది. మోకు బిగిసి నీళ్లు కక్కింది. ఓడ ముక్కు బెత్తెడు కదిలింది. రెండో కేకకు ఇంకో బెత్తెడు. మూడో కేకకు, సణుగుడికీ నత్తికీ మధ్యనున్న పాత అతుకు దగ్గర, తాడు పురులు విప్పుకుని తెగిపోయింది.

నత్తితో సహా వెనకవాళ్లంతా వెల్లకిలా పడ్డారు. ముందు మిగిలింది ఒక్కడే. లిప్తపాటు ఆ ఓడనంతా సణుగుడు ఒక్కడే పట్టుకున్నాడు. అంతలో ఓడ తన తాడు తాను లాగేసుకుంది, తాడుతో పాటు ఆయన కుడిచేతిని కప్పీలోకి లాక్కుపోయింది.

అరుపులు, పరుగులు. కంచు తన పైట చింపి భుజం కింద బిగించి కట్టింది. ఆయన మొహం పాలిపోయి ఉంది. అంత నొప్పిలోనూ పెదాలు కదులుతున్నాయి. వంగి వింటే, "చెప్పానా... ముసలిదని చెప్పానా" అంటున్నాడు.

నలుగురు ఆయన్ని పలక మీద ఎత్తుకుని గుట్ట వైపు పోతుంటే కాంట్రాక్టరు రేకుల షెడ్డులోంచి వచ్చాడు. చొక్కా జేబులో కళ్లద్దాలు సర్దుకుంటూ, అందరికీ వినపడేలా అడిగాడు.

"ఎవరతను? పని జరిగే చోటికి చూడ్డానికి జనాన్ని ఎందుకు రానిస్తున్నారు?"

*

కంచు చెవులు పనిచేస్తున్నాయా లేదా అని ఆమెకే అనుమానం వచ్చింది. ఆ పొద్దునే ఆలస్యంగా వచ్చాడని బావను నిలబెట్టి తిట్టింది ఈ మనిషే.

మర్నాడు మేస్త్రీ వచ్చి ఆమెను షెడ్డుకు పిలుచుకుపోయాడు. లోపల ఓడకు పడ్డ చిల్లి మూయడానికి ఇద్దరు కూర్చుని మందపాటి తెరగుడ్డకు తారు పూస్తున్నారు. కాంట్రాక్టరు వాళ్లను బయటికి పంపి, ఆమెకు కుర్చీ చూపించాడు. ఆ షెడ్డులో తాళ్లవాళ్లకు కుర్చీ చూపించడం ఎవరూ ఎరగరు. అప్పుడే అర్థమైంది ఆమెకు ఇది మంచికి కాదని. కూర్చోలేదు.

"చూడమ్మా, ప్రమాదం సంగతి విచారించడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. మనం ఓడ లాగే రోజే వస్తాడు. తాడు మీద ఎవరున్నారో చెప్పాల్సింది నువ్వే. పిలిచేది నువ్వు కాబట్టి నీ మాటే మాట."

"అవును."

"మీ బావ తాడు మీద లేడు. చూడ్డానికి వచ్చాడు, దగ్గరికి పోయాడు, దెబ్బ తగిలింది. అంతే కదా?"

"చూడ్డానికి వచ్చినవాణ్ణి ఆలస్యమైందని నిన్న ఎందుకు తిట్టారు మరి? ఆటకు టిక్కెట్టు కొన్నాడా ఏంటి?"

కాంట్రాక్టరు నవ్వడానికి చూశాడు. "మాటలు బాగా వచ్చు నీకు. విను. అతను నా తాడు మీద చెయ్యి పోగొట్టుకున్నాడంటే జీవితాంతం అతన్ని భరించాల్సింది నేను. పైగా తాడు ఎలాంటిదని అడుగుతారు. ఈ రేవులో మళ్లీ నాకు పని దొరకదు. నాకు దొరక్కపోతే మీకు దొరుకుతుందా? లేడని చెప్పు. వైద్యం నేను చేయిస్తా, సాటి మనిషిగా. ఇక ముందు ఏ ఓడ పనైనా కేక నీదే."

"సాటి మనిషిగా చేయించేది ఎన్నాళ్లు?"

"ఏంటి?"

"మీ మంచితనం ఎన్నాళ్లుంటుందని అడుగుతున్నా. ఆయన చెయ్యి మాత్రం ఎప్పటికీ ఉండదు."

"మిగతావాళ్లంతా ఒప్పుకున్నారు" అన్నాడతను, కుర్చీ వెనక్కి లాక్కుంటూ. "నువ్వు ఒక్కదానివే తెలివైనదానివా?"

బయటికి వస్తూ ఆమె గోడవారగా చూసింది. షెడ్డు మూలలో గోనె కప్పి ఉంది ఓ మోకు చుట్ట. గోనె తొలగిన చోట పసుప్పచ్చగా, మైనం వాసనతో, ఎవరి చెయ్యీ తగలని కొత్త మోకు. కొత్తది లేదు, ఉన్నదాంతోనే సర్దుకోమని అన్నారు మొన్న. నాలుగడుగుల దూరంలో పెట్టుకుని లేదన్నారు. ఇలాంటి అబద్ధాన్ని తిట్టడానికి కూడా భాష చాలదు. ఆమె ఆ చుట్టను కాలితో ఒక్క తన్ను తన్ని బయటికి నడిచింది.

*

ఆసుపత్రి వార్డు కిటికీలోంచి రేవు మొత్తం కనపడుతుంది. బావ మంచాన్ని ఆ కిటికీ పక్కనే వేశారు. కుడిచెయ్యి మణికట్టు పైన ఆగిపోయింది. కట్టు తెల్లగా, బరువుగా ఉంది. అక్క ఆయనకు చెంచాతో గంజి పడుతోంది.

"ఉప్పు లేదు" అన్నాడు బావ.

"డాక్టరు వద్దన్నాడు" అంది అక్క.

"ఆయనకేం, ఆయన తినేదా తాగేదా." కంచును చూసి మొహం తిప్పాడు. "వచ్చావా. నా చోట్లో ఎవణ్ణి పెడుతున్నారు?"

"కాంట్రాక్టరు బామ్మర్దినట."

"వాడా! వాడు టీ గ్లాసునే రెండు చేతుల్తో పట్టుకుంటాడు. ఓడ సంగతి దేవుడెరుగు, వాడు సముద్రంలో పడకుండా చూసుకోండి."

కంచు నవ్వబోయి ఆగింది. కాంట్రాక్టరు అన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పింది. దాచడం ఆమెకు చేతకాదు. బావ విన్నాడు. కిటికీ వైపు చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. ఆయన ఊరుకోవడం కంచు ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

"నేను లేనా అక్కడ?" అన్నాడు చివరికి. "మరి నా చెయ్యి ఎక్కడ పోయింది, సంతలో జారిపోయిందా? పోనీ వెతికిపెట్టమను."

అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అక్క ఆమె రెక్క పట్టుకుని నడవాలోకి తీసుకొచ్చింది. గంజి గిన్నె ఇంకా చేతిలోనే ఉంది.

"ఒప్పుకో" అంది.

"అక్కా!"

"ఒప్పుకోవే. వైద్యమైనా నడుస్తుంది. నువ్వు ఎదురు తిరిగితే రేపే ఇంటికి పంపించేస్తారు. నీకు పంతం, నాకు మొగుడు."

"ఇవాళ వైద్యం చేయిస్తాడు. ఆ పుండు మానాక? చెయ్యి లేని మనిషిని, నువ్వసలు అక్కడ లేవు పొమ్మంటే ఎవరి గడప ఎక్కుతావు?"

"అప్పటి సంగతి అప్పుడు."

"అదే కదా వాళ్లకు కావాల్సింది. మనం అప్పటి సంగతి అప్పుడు చూసుకుంటాం, వాళ్లేమో ఇప్పుడే చూసుకుంటారు."

అక్క గిన్నెలోకి చూసింది. "ఆయన నిన్ను కేక దగ్గర పెట్టొద్దని అమ్మ పోయినప్పుడు అందరితో పోట్లాడాడు, తెలుసా? మళ్లీ ఇంకో ఆడదాని కేకకే లాగాలా అన్నాడు. అలాంటి మనిషి కోసం నువ్వు మమ్మల్ని వీధిన పెడతావా?"

తెలుసు. కంచుకి అదీ తెలుసు. అప్పటి నుంచే ఆయన ఆలస్యంగా పలకడం మొదలుపెట్టాడు. ఆయన ఆలస్యానికి ఆమె రోజూ తిట్టేది. కాని ఒక్కరోజు కూడా పలక్కుండా ఉండలేదు ఆ మనిషి.

"మంచివాడని కాదక్కా" అంది. "ఉన్నాడని."

*

మర్నాడంతా ఓడ బరువు తగ్గించే పని. తడిసిన బస్తాలు, రాళ్లు, విరిగిన తెడ్లు, ఓడలోంచి చిన్న పడవల్లోకి, పడవల్లోంచి గోడ మీదికి. తెరగుడ్డను చిల్లి మీద బిగించి, పైన పలకలు కొట్టారు. పంపు గొట్టం పగలంతా బురదనీళ్లు కక్కుతూనే ఉంది. వంట పొయ్యి కూడా ఒడ్డుకు దించాల్సి వచ్చేసరికి కెప్టెను దానికి అడ్డంగా నిలబడ్డాడు, ఆడపిల్లను పంపుతున్నట్టు.

మధ్యాహ్నం బస్తాల నీడలో కూర్చున్నప్పుడు కంచు అడిగింది.

"మేస్త్రీ అందరితో మాట్లాడాడా?"

కొందరు తలలు దించుకున్నారు. తోక దగ్గర లాగేవాడు బీడీ ఆర్పి, "నేను వెనకెక్కడో ఉంటాను కదక్కా. చూళ్లేదన్నాను" అన్నాడు.

"చూళ్లేదు సరే. వినలేదా? ఆయన పలికాకే కదా నేను కేక వేశాను? చెవులు ఎక్కడ పెట్టావు, ఇంట్లోనా?"

"పిల్లలున్నారక్కా."

"ఆయనకు లేరా?"

నత్తి నోరు తెరిచి ఏదో అనబోయి, మాట రాక, చేత్తో గాలిలో కొట్టి లేచిపోయాడు. వాళ్ల మీద కోపంతో ఆమెకు అన్నం దిగలేదు. కాని వాళ్ల మీద కోపం ఎంతసేపు? మెడ మీద కత్తి పెట్టినవాణ్ణి వదిలేసి, మెడ వంచినవాళ్లను తిట్టడం సులువు. అది ఆమెకు నచ్చలేదు.

సాయంత్రం మేస్త్రీ కొత్త మోకు తెచ్చి గోడ మీద పడేశాడు. తాళ్లవాళ్లు దాని చుట్టూ నిలబడి చూశారు. ఒకడు తడిమి చూశాడు. ఎవరూ నవ్వలేదు.

*

పోటు బాగా ఎక్కిన ఉదయం అది. అలల గోడ మీద సగం ఊరుంది. కాలువలో లాగుడు పడవ తాడు బిగించి సిద్ధంగా ఉంది. ఓడ మీద కెప్టెను రేలింగు పట్టుకుని నీళ్లలోకే చూస్తున్నాడు. ఈ పోటు తప్పితే వచ్చే పెద్ద పోటు దాకా ఓడ ఆగదని, అలలు నడుం విరిచేస్తాయని అందరికీ తెలుసు.

ఇన్‌స్పెక్టరు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. పక్కనే కాంట్రాక్టరు. ఇన్‌స్పెక్టరు కంచును పిలిచి అడిగాడు.

"ఏమ్మా, ఆ రోజు తాడు మీద ఎవరెవరున్నారో నువ్వు చెప్పాలట. మిగతావాళ్లంతా ఆ గాయపడ్డ మనిషిని చూడలేదన్నారు."

"చెప్తాను. కాని ఇక్కడ కాదు, తాడు దగ్గర. నేను మనుషుల్ని పిలిచేది అక్కడే."

కాంట్రాక్టరుకు అది ఒప్పుకున్నట్టే వినపడిందేమో, తల ఊపాడు.

కంచు గుంజ పక్కన ఎత్తు రాయి ఎక్కింది. కొత్త మోకు కప్పీలోంచి వచ్చి మనుషుల చేతుల్లో పడుకుని ఉంది. కప్పీ పక్కన, బావ చోట్లో, కాంట్రాక్టరు బామ్మర్ది కొత్త చేతిగుడ్డలు కట్టుకుని నిలబడ్డాడు.

తోక నుంచి పిలిచింది. ఒక్కొక్కడూ పలికాడు. నత్తి దగ్గరికి వచ్చింది.

"ఉ... ఉ... ఉన్నా."

ఆమె ఊపిరి తీసుకుంది.

"సణుగుడూ!"

గోడంతా ఒక్కసారి సద్దుమణిగింది. బామ్మర్ది అటూ ఇటూ చూసి, "ఉన్నా" అన్నాడు.

"నిన్ను పిలవలేదు బాబూ. నువ్వు కాస్త పక్కకు జరుగు. సణుగుడూ!"

పంపు చప్పుడు. నీళ్ల చప్పుడు. కాంట్రాక్టరు గొడుగు కిందనుంచి బయటికొచ్చాడు.

"ఏంటిది? కేక వెయ్యి!"

"ఒకడు పలకలేదు. పలకందే కేక లేదు. పద్ధతి మీకూ తెలుసు."

"అతను ఆసుపత్రిలో ఉన్నాడు!"

"ఏ పని మీద పోయాడక్కడికి?"

కాంట్రాక్టరు మేస్త్రీ వైపు తిరిగాడు. "నువ్వు వెయ్యరా కేక."

మేస్త్రీ గొంతు సవరించుకుని "హైలెస్సా" అన్నాడు. తాడు మీద ఒక్క వేలు కూడా బిగియలేదు. పాపం అతను మళ్లీ అన్నాడు. ఆ కేక నీళ్ల మీద ఒంటరిగా పోయి ఎక్కడో పడింది. తోక దగ్గరివాడు తాడు మెల్లగా నేల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు. చూళ్లేదన్నవాడు. అతన్ని చూసి ముందువాడు పెట్టాడు. ఆ ముందువాడు. తాడు తోక నుంచి తల దాకా నేల మీదికి దిగిపోయింది.

"సణుగుడూ!" అని కంచు మూడోసారి పిలిచింది. గుట్ట మీది అద్దాలు అదిరేలా పిలిచింది.

అప్పుడు నత్తి గొంతు పెగిలింది. మెడ నరాలు ఉబ్బాయి. అందరూ ఆగారు, ఎవరూ అందించలేదు. మాట అతనిదే, అతనే అనాలి.

"ఉ... ఉన్నాడు. నా ము... ముందే ఉన్నాడు. తా... తాడు మా ఇద్దరి మ... మధ్య తెగింది."

"ఉన్నాడు" అన్నాడు తోక దగ్గరివాడు, ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూస్తూ. "చూళ్లేదని నేనన్నది అబద్ధం."

"ఉన్నాడు." "ఉన్నాడు." మాట తోక నుంచి తలకు నడిచింది.

"వీళ్లంతా ఒకటే కట్టు!" అని కాంట్రాక్టరు అరిచాడు. "నా మాట వినండి సార్..."

"మీ మాటే మిగిలింది" అంది కంచు. "చెప్పండి. తాడు మీద ఉన్నాడా లేడా? మీరు చెప్పేదాకా నేను నోరు తెరవను."

నీళ్లు ఎక్కడం ఆగిపోయాయి. ఓడ పక్కన తేలే చెత్త ఇటూ పోక అటూ పోక నిలబడింది. ఇంకాస్సేపట్లో అది సముద్రం వైపు కదులుతుంది, దాని వెంట పోటూ పోతుంది. ఓడ మీంచి కెప్టెను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఓయ్! ఉన్నాడో లేడో చెప్పి చావవయ్యా! నా ఓడ పోతోందిక్కడ!"

ఊరంతా కాంట్రాక్టరును చూస్తోంది. అతను కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉన్నాడు" అన్నాడు.

"ఎక్కడ?"

"తాడు మీద."

"ఏ తాడు?"

అతని దవడ బిగిసింది. "నేనిచ్చిన తాడు."

"కొత్తది షెడ్డులో పెట్టుకుని ఇచ్చిన తాడు" అని ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి పూర్తిచేసింది. "విన్నారు కదండీ."

ఇన్‌స్పెక్టరు గొడుగు మూసి, "విన్నాను" అన్నాడు.

చేతులు తాడు మీదికి వంగాయి. బావ చోట్లోకి నత్తి జరిగాడు. బామ్మర్దిని ఎవరో తోక దగ్గరికి నెట్టారు. కంచు కేక వేసింది. ఇన్నాళ్లలో అలాంటి కేక ఆమె నోటి నుంచి రాలేదు. పాట కాదది, తిట్టు. గోడంతా తిట్టింది ఆమెతో. మోకు బిగిసింది, నీళ్లు కక్కింది, పట్టు వదల్లేదు. ఓడ ముక్కు బెత్తెడు, మూరెడు, బారెడు తిరిగింది. లాగుడు పడవ బుస్సుమని ముందుకురికింది. ఇసుక కింద ఏదో మూలిగింది. వాలిన కొయ్యలు మెల్లగా నిటారుగా లేచాయి, పడుకున్న మనిషి మోచేతి మీద లేచి కూర్చున్నట్టు.

ఊరు కేరింతలు కొట్టింది. కెప్టెను టోపీ సముద్రంలోకి విసిరి, వెంటనే దానికోసం కొక్కెం కర్ర వెతుక్కున్నాడు.

కాంట్రాక్టరు ఆమె పక్కగా పోతూ, ఆగకుండా అన్నాడు. "ఈ రేవులో ఇదే నీ ఆఖరి కేక. మర తెప్పిస్తా. దానికి నోరుండదు."

"తెప్పించుకోండి. దాని చక్రంలో చెయ్యి పోయినప్పుడు కూడా అడగడానికి వస్తాను."

*

ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. వార్డు గుమ్మంలోనే నర్సు అడ్డుపడింది.

"ఆ కిటికీ మంచం మీ మనిషేనా? పొద్దున ఏం గొడవండీ! మంచం మీద లేచి కూర్చుని, కిటికీ చువ్వ పట్టుకుని, గొంతు చించుకుని ఒకటే అరుపు. కుట్లు ఊడితే ఎవరిది బాధ్యత?"

కంచు లోపలికి వెళ్లింది. అక్క మంచం పట్టె మీద కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసి, జరిగి చోటిచ్చింది. బావ మొహం చిరచిరలాడుతోంది.

"నీకు చెవుడేమైనా వచ్చిందా?" అన్నాడు. "ఎన్నిసార్లు పిలుస్తావు? నేను మొదటిసారికే పలికాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వేళకి పలికితే ఒక్కడూ వినలేదు. మీ సముద్రం గాలి పాడుగాను, అంతా అటే కొడుతుంది."

కంచు నవ్వింది. నవ్వుకు చప్పుడు లేదు. నవ్వుతుంటేనే కళ్లు నిండాయి. నీ బదులు అందరూ పలికారని, కాంట్రాక్టరు కూడా పలికాడని, తన కేక పోయిందని చెప్పాలనుకుంది. చెప్పడానికి గొంతు లేదు. అక్క ఆయన చెవిలో ఒక్కొక్కటే చెప్పింది. కింద గోడ మీంచి అప్పటికే కబురు వచ్చినట్టుంది.

ఆయన విన్నాడు. ఎడమచేత్తో దుప్పటి సరిచేసుకున్నాడు. కిటికీలోంచి, రేవు లోపలికి మెల్లగా లాక్కొస్తున్న ఓడను చూశాడు.

"ఏదీ, పిలువు" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపి గొంతు చూపించింది.

"ఎంత వస్తే అంతే. పిలువు."

ఆమె వంగింది. గాలి తప్ప ఇంకేమీ లేని గొంతుతో, "సణుగుడూ" అంది.

బావ గుమ్మంలో ఉన్న నర్సును ఒకసారి చూశాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. వార్డులో పడుకున్నవాళ్లంతా లేచి కూర్చునేలా, నడవాలో చెంబు జారి పడేలా, పలికాడు.

"ఉన్నా!"